మోపరి ఆత్మకు జరిగిన మర్యాదలు

'మోపరి' చిత్రం తన మూలమైన బొమ్మల కథల ఆత్మను వెంట్రుకవాసి కూడా పక్కకు పోనివ్వకుండా పట్టుకున్నదని సర్వసమ్మతంగా తీర్మానించడమైనది. తీర్మానించింది మూలాత్మ పరిరక్షణ సంఘం. ఆ సంఘాన్ని నియమించింది చిత్రం తీసిన సంస్థ. అంచేత ఇందులో పక్షపాతానికి తావు లేదు. ఆత్మను ఎక్కడ పెట్టారో, పెట్టినవాళ్లకు తెలిసినంత బాగా బయటివాళ్లకేం తెలుస్తుంది?

సంఘానికి అధ్యక్షుడు నిర్మాత. సభ్యులు దర్శకుడు, పోరాటాల మాస్టరు, కథానాయకుడి బావమరిది, మోపరి అభిమాన సంఘం కార్యదర్శి. ఈ కార్యదర్శి వృత్తిరీత్యా పళ్ల డాక్టరు. గౌరవ సలహాదారు ఆ కథలకు బొమ్మలు గీసిన బొమ్మలక్క. గౌరవ సలహాదారు అంటే, ఆవిడ చెప్పేది గౌరవంగా వింటారని, ఓటు మాత్రం ఉండదని కార్యాలయ భాషలో అర్థం.

మొదటి సమావేశం సంస్థవారి అద్దాల గదిలో జరిగింది. బొమ్మల కథలకు ఆత్మ ఉన్నదా లేదా అని ముందు చర్చించారు. లేదంటే సంఘాన్ని రద్దు చెయ్యాలి, తెప్పించిన కాఫీలు వృథా అవుతాయి కనుక ఉన్నదని తీర్మానించారు. తర్వాత కథానాయకుడి బావమరిది ఒక మౌలికమైన ప్రశ్న వేశాడు. ఆత్మకు చావు లేదని అందరూ అంటారు కదా, అలాంటప్పుడు కథలో మనం ఏం మార్చినా దానికి వచ్చే ప్రమాదం ఏముందని. ఇంత సూక్ష్మంగా ఎవరూ ఆలోచించలేదు. దర్శకుడు లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత పని నల్లేరు మీద బండిలా సాగింది.

మోపరిని ఎరగని పాఠకులు ఉండరు. ఉన్నా ఒప్పుకోరు. అయినా పద్ధతి ప్రకారం చెప్పుకోవాలి. మోపరి గోదాముల్లో బస్తాలు మోసే మనిషి. తల మీద గుడ్డతో చుట్టిన చుట్టకుదురు, భుజాన గోనెపట్టా. వాడికున్న శక్తి ఒక్కటే, ఎంత బరువైనా ఎత్తగలడు. ఎగరడు. కళ్లలోంచి నిప్పులు రాల్చడు. వంతెన విరిగితే దాని కింద నిలబడి, రైలు దాటిందాకా తుమ్ము ఆపుకుంటాడు. దించేశాక నడుం పట్టుకుని గోడకు చేరగిలబడి మూలుగుతాడు. వాడి శత్రువు ఇనపచెయ్యి అనే ఆసామి, ఇళ్లు కూలగొట్టే యంత్రాల యజమాని. ప్రతి కథలోనూ ఇనపచెయ్యి చివరికి తన యంత్రం కిందే ఇరుక్కుంటాడు. మోపరి ఆ యంత్రాన్ని ఎత్తి, అతన్ని బయటికి లాగి, కోటుకు అంటిన దుమ్ము దులిపి, ఇంటికెళ్లి పడుకోమని చెప్తాడు. ఆ కథలు వేసిన వారపత్రిక నడిచినన్నాళ్లూ మోపరి ఎవరినీ ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఏ బొమ్మలో చూసినా వాడి అరచేతులు విప్పే ఉంటాయి.

ఈ సంగతి మన అభిమానుల్లో ఎవరి దృష్టికీ రాలేదు. మనం అంతకన్నా లోతైన విషయాల్లో మునిగి ఉన్నాం. ఒక వారం మోపరి చుట్టకుదురు అంచు ఎరుపు పోయి తుప్పు రంగులోకి వచ్చింది. అది పాత్ర లోపలి సంఘర్షణకు గుర్తని కొందరు, ఎరుపే అసలు రంగు, తుప్పు ద్రోహమని కొందరు, అభిమాన సంఘం నిలువునా చీలిపోయింది. ఎరుపు పక్షంవారి ఇంటి పిల్లను తుప్పు పక్షంవారు చేసుకోరని చెప్పుకునేవారు. ఆ వారం అచ్చాఫీసులో ఎర్ర సిరా అయిపోయిందని బొమ్మలక్క ఒక సభలో చెప్పింది. మూలకర్తకు తన సృష్టి గురించి అంతా తెలియనక్కర్లేదని రెండు పక్షాలూ ఆ ఒక్క విషయంలో ఏకమయ్యాయి.

బొమ్మలు గీసింది బొమ్మలక్క. బుడగల్లో మాటలు రాసింది ఆవిడ అన్నగారు. పాఠకులు ఆయన్ని మాటలన్న అనేవారు. ఆయన పోయి కొన్నేళ్లయింది. వారపత్రిక అంతకు ముందే పోయింది. బొమ్మలక్క, ఆవిడ వదిన, ఇద్దరూ ఒక దర్జీ దుకాణం మేడమీద రెండు గదుల్లో ఉంటున్నారు. కింద మిషన్లు నడుస్తుంటే పైన బల్ల సన్నగా అదురుతూ ఉంటుంది. కిటికీ పక్కన ఆ బల్ల మీదే బొమ్మలక్క దగ్గుమందు సీసాలకు దగ్గుతున్న మనిషిని, నొప్పుల మందు డబ్బాలకు మోకాలు పట్టుకున్న మనిషిని గీస్తుంటుంది. వాటికి అభిమాన సంఘాలు లేవు. పని ప్రశాంతంగా జరుగుతుంది.

సంస్థవారు ఆవిడకు కథ చదివి వినిపించడానికి దర్శకుణ్ణి పంపారు. దర్శకుడు చాలా మర్యాదస్తుడు. చిన్నప్పటినుంచీ మోపరిని చదువుతూ పెరిగానని, ఇప్పుడు తనలో ఉన్నదంతా మోపరేనని మెట్లెక్కుతూనే చెప్పాడు. కుర్చీ చూపించినా నేలమీదే కూచున్నాడు. అలా కూచుని మొదటి పేజీ చదివాడు. మొదటి పేజీలో మోపరి రైలుపెట్టె మీంచి దూకి ఒక మనిషి దవడ పగలగొట్టాడు. రెండో పేజీలో ఆ మనిషి స్నేహితులందరి దవడలూ పగలగొట్టాడు.

బొమ్మలక్క కుంచె పక్కన పెట్టింది.

"వీడెందుకు కొడుతున్నాడు బాబూ?"

"కొట్టడం కాదక్కా. అన్యాయాన్ని ఒప్పుకోకపోవడం. మీరు బొమ్మల్లో చెప్పకుండా వదిలేసింది మేం చూపిస్తున్నాం."

"మేం వదిలెయ్యలేదు. కొట్టడనే గీశాం."

"ఎందుకు కొట్టడక్కా? లోపల అంత కోపం ఉంది గనక. ఆ కోపం పట్టుకున్నాం చూశారా, అదే ఆత్మ."

వదిన కాఫీ తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గరే నిలబడింది. బొమ్మలక్క ఎవరికీ ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. అన్నగారి సంతాపసభలో అంతమంది ఆయన ప్రతిభకు మూలాలు వెతుకుతుంటే కూడా చెప్పని మాట.

"మా నాన్న గోదాములో బస్తాలు మోసేవాడు. చుట్టుపక్కల అంత బలం ఉన్న మనిషి లేడనేవాళ్లు. ఆ బలం అంతా సాయంత్రానికి ఇంటికొచ్చేది. అమ్మ అయ్యాక మా వంతు. మేమిద్దరం మంచం కిందికి దూరేవాళ్లం. అక్కడ అన్నయ్య నా చెవిలో కథ చెప్పేవాడు. నాన్నంత బలం ఉన్నవాడే, కానీ చెయ్యెత్తడు. నేను వాణ్ణి నేలమీద దుమ్ములో వేలితో గీసేదాన్ని. మోపరంటే అంతే బాబూ. ఇంకేం లేదు."

దర్శకుడు కళ్లజోడు తీశాడు. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. ఆయన ఏడవగల మనిషి, ఆ విషయంలో సందేహం లేదు. కథకు ప్రాణం దొరికిందని, ఇన్నాళ్లూ తండ్రి లేని లోటు కథలో కొట్టొచ్చినట్టు కనబడుతూ ఉండేదని, ఇవాళ్టితో అది తీరిందని చెప్పి, స్క్రిప్టు చంకన పెట్టుకుని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బొమ్మలక్క చాలా తేలిగ్గా ఉంది. కుర్రాడు అర్థం చేసుకున్నాడని వదినతో అంది. చూద్దాం అంది వదిన. వదిన ఎప్పుడూ అంతకన్నా ఎక్కువ మాట్లాడదు. పిల్లల కథలు రాసే మనిషితో కాపురం చేసి, బుడగలో పట్టేంత మాట్లాడడం అలవాటైపోయింది.

తర్వాతి సమావేశంలో, గౌరవ సలహాదారు అమూల్య సూచన మేరకు తండ్రి పాత్ర చేర్చబడినదని నమోదు చేశారు. ఆ పాత్ర ఎలా ఉంటుందని బొమ్మలక్క అడిగింది. కథ బయటికి పొక్కకూడదన్నది సంస్థ నియమమని, ఆ కథ పుట్టించినవారైనా సరే నియమానికి అతీతులు కారని అధ్యక్షులవారు వినయంగా విన్నవించారు. ఆవిడ సరేనంది. తండ్రి సంగతి వాళ్లు దాచలేదు, కథలో పెట్టారు, అది చాలనుకుంది.

చిత్రీకరణ చూడడానికి ఆవిణ్ణి కారు పంపి పిలిపించారు. నిజాయితీ విషయంలో సంస్థ ఎంత దూరం వెళ్లిందో అక్కడ తెలిసింది. గోనెపట్టా పాతకాలపు నేతతోనే ఉండాలని పట్టుబట్టి, మూతబడిన మిల్లొకటి తెరిపించి నేయించారు. దాని మీద మరకలు వెయ్యడానికి కళాశాలలో శిల్పం చదివిన ఇద్దరిని పెట్టారు. చుట్టకుదురు అంచు రంగు నిర్ణయించడానికి ఎరుపు పక్షం, తుప్పు పక్షం ప్రతినిధులను ఎదురెదురుగా కూచోబెట్టి, వెలుగు ఒకవైపునుంచి పడితే ఎరుపుగా, ఇంకోవైపునుంచి పడితే తుప్పుగా కనబడే గుడ్డ తయారుచేయించారు. ఇరుపక్షాలూ కన్నీళ్లతో సంతకాలు చేశాయి. దేశాల మధ్య సరిహద్దు తగాదాలు ఇంత ఓర్పుగా తేలినట్టు మనం వినలేదు.

చిన్న ఇబ్బంది ఒకటే వచ్చింది. కథానాయకుడికి మెడనొప్పి. బరువెత్తకూడదని వైద్యుల సలహా. అంచేత బస్తాలో స్పాంజి నింపారు. స్పాంజి బస్తా కూడా తల మీద పెడితే జుట్టు చెదురుతున్నదని బావమరిది అభ్యంతరం చెప్పాడు. అప్పుడు పోరాటాల మాస్టరు, మనిషి బరువు ఎత్తుతుంటే చూసేవాడికి ఊపు రాదు, విసురుతుంటే వస్తుంది అని తన అనుభవంలోంచి చెప్పాడు. దానితో ఎత్తే సన్నివేశాలు తీసేశారు. మొత్తం చిత్రంలో మోపరి ఏ బరువూ ఎత్తడు. ఇతరులు ఎత్తిన బరువులను తన్ని వాళ్ల మీదే పడేస్తాడు. మూలంలో లేనిది చేర్చడం కన్నా, ఉన్నది తియ్యడం తక్కువ తప్పని పళ్ల డాక్టరు అభిమానుల తరఫున అభిప్రాయపడ్డాడు. పోరాటాల్లో పళ్లు ఊడే తీరు మాత్రం శాస్త్రీయంగా ఉందని, ముందు పళ్లు ముందు, దవడ పళ్లు తర్వాత ఊడుతున్నాయని ధ్రువీకరించాడు.

ఇదంతా చూసి బొమ్మలక్క ఏమందని పాఠకులు అడగవచ్చు. ఆవిడ ఒక మాట అంది. మోపరి చేతులు మూసి ఉన్నాయంది. పిడికిలి బిగిస్తే నరాలు బాగా కనబడతాయని దర్శకుడు నచ్చజెప్పాడు. ఆవిడ అన్న మాటను 'సలహాదారు చేతుల గురించి ప్రశంసాపూర్వకంగా ప్రస్తావించారు' అని సమావేశపు వివరాల్లో రాసుకున్నారు.

చిత్రం విడుదలైంది. మొదటి ఆటకు బొమ్మలక్క, వదిన వెళ్లారు. గౌరవ అతిథులకు కేటాయించిన వరసలో అప్పటికే బావమరిది స్నేహితులు కూచుని ఉండడంతో, తెరకు మరీ దగ్గరగా మెడ ఎత్తి చూడవలసిన చోట కుర్చీలు దొరికాయి. వెలుగు తగ్గింది. తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి: 'ఈ చిత్రం బొమ్మలక్క తండ్రిగారి పవిత్రమైన చేతులకు అంకితం.'

ఆ తర్వాత ఆ చేతులు వచ్చాయి. తెర నిండా ఆ చేతులే. బస్తాలు మోసి వచ్చి పిల్లల నోట్లో ముద్దలు పెట్టే చేతులు. భార్య తల దువ్వే చేతులు. కూతురు నిద్రలో కదిలితే దోమలను తోలే చేతులు. వాటి మీద ఒక పాట. పాట చివర తండ్రి పిల్లలిద్దరినీ చెరో భుజం మీదా ఎక్కించుకుని వానలో తిరిగాడు. హాలంతా ముక్కులు చీదింది. విశ్రాంతికి ముందు ఇనపచెయ్యి ఆ తండ్రిని చంపాడు. చనిపోయే తండ్రి తన చెయ్యి కొడుకు చేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి పిడికిలి చేశాడు. ఇక అక్కణ్ణించి మోపరి ఎందరి ప్రాణాలు తీశాడో లెక్కపెట్టే ఓపిక పళ్ల డాక్టరుకు కూడా లేకపోయింది.

విశ్రాంతి వేళ దీపాలు వెలిగాయి. వెనక వరసలో ఒకాయన బొమ్మలక్కను గుర్తుపట్టి, అలాంటి తండ్రి కడుపున పుట్టడం ఏ జన్మ పుణ్యమోనని చేతులు జోడించాడు. ఆవిడ తిరిగి దణ్ణం పెట్టింది. వదిన తెర వైపే చూస్తూ అంది:

"మామగారు ఇంత మంచివారని మీ అన్నయ్య నాతో ఒక్కనాడూ చెప్పలేదు."

"అన్నయ్యకూ తెలీదు వదినా."

మిగతా సగం చూడకుండా ఇద్దరూ లేచి వచ్చేశారు. బయట టీ తాగారు. బొమ్మలక్క సాసరు కింద వదిన తన చెయ్యి పెట్టి పట్టుకుంది.

ఆ అక్షరాలు తెర మీంచి తీసెయ్యమని అడగడానికి మర్నాడు బొమ్మలక్క నిర్మాత దగ్గరికి వెళ్లింది. ఆయన గది నిండా పూలగుత్తులున్నాయి. రెండు కుర్చీల మీది గుత్తులు తీయించి, ఆవిణ్ణి కూచోబెట్టి, నింపాదిగా విన్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. లోకం తెలిసినవాడు.

"తండ్రి చెడ్డవాడని చూపిస్తే, ఏ తండ్రి పిల్లల్ని సినిమాకి తీసుకొస్తాడమ్మా?"

"మంచివాడని చూపిస్తే మా నాన్న మంచివాడైపోతాడా?"

"థియేటర్లో అయిపోయాడు కదా. ఇంతమంది ఏడుస్తున్నారు. మీరొక్కరు కాదంటే వాళ్లందరి కన్నీళ్లూ ఏం కావాలి?"

మా అమ్మ కన్నీళ్లు ఏమయ్యాయి అని ఆవిడ అడగబోయి ఊరుకుందని వదిన తర్వాత చెప్పింది. నిర్మాత ఆవిడకు ఒక పూలగుత్తి ఇచ్చి కారు దాకా సాగనంపాడు.

చిత్రం ఘనవిజయం సాధించింది. ఆత్మ విషయంలో పత్రికలన్నీ ఒక్క గొంతుతో మాట్లాడాయి. మూలకథ చదివినవాళ్లకు ఇది మూలంలాగే ఉందని, చదవనివాళ్లకు ఇదే మూలమని ఒక విమర్శకుడు రాశాడు. అంచు రంగు పగటి ఆటలో ఎరుపుగాను, సాయంత్రం ఆటలో తుప్పుగాను కనబడుతున్నదన్న గొడవలో ఇరుపక్షాల అభిమానులు థియేటరు మెట్ల మీద కలబడ్డారు. కారిన రక్తం ఎరుపుగా ఉండడం తమ వాదానికి బలమని ఎరుపు పక్షం ప్రకటించింది. అది ఎండాక తుప్పు రంగులోకి వచ్చిందని తుప్పు పక్షం ఫోటోలు విడుదల చేసింది. గాయపడినవాళ్లలో పళ్లు ఊడినవాళ్లకు పళ్ల డాక్టరు సంఘసేవగా కట్టుడు పళ్లు పెట్టాడు.

పిల్లలు బళ్లలో పిడికిళ్లతో ఆడుకున్నారు. తండ్రులు ఆ పాటను ఫోన్లలో పెట్టుకున్నారు.

కథ ఇక్కడితో ముగిసేదే. కాని ప్రజలు సామాన్యులు కారు. చిత్రం చూసినవాళ్లకు మూలం చదవాలనిపించింది. పాత సంచికలను కలిపి వేసిన పుస్తకం కొనుక్కుని చదివారు. చదివి కోపం తెచ్చుకున్నారు. ఈ పుస్తకం సినిమా ఆత్మను ఎక్కడా పట్టుకోలేకపోయిందని ప్రచురణకర్తకు ఫిర్యాదులు వచ్చాయి. ఇందులో మోపరికి తండ్రే లేడు. నడుంనొప్పి ఉంది. చంపడానికి వచ్చినవాడి కోటు దులుపుతున్నాడు. మహావీరుణ్ణి కూలివాడిగా చూపించి అవమానించారని ఒకరు, బొమ్మలు వేసినవాళ్లు సినిమా సరిగా చూసి ఉండరని ఒకరు రాశారు. రెండో మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. బొమ్మలక్క సగమే చూసింది.

ప్రచురణకర్త మంచి మనిషి. స్వయంగా మేడెక్కి వచ్చి, పెద్దగా మార్చనక్కర్లేదని, బొమ్మల్లో చేతులు మాత్రం మూసేస్తే చాలని బతిమాలాడు. బొమ్మలక్క కుదరదంది. ఎందుకు కుదరదని అడిగాడు. నా చెయ్యి తిరగదు అంది. వయసు మీద పడిందని ఆయన అర్థం చేసుకుని, జాలిపడి, ఇంకొక చిత్రకారుణ్ణి పెట్టి ఆ పని చేయించాడు. అతను నేర్పరి. ఎక్కడా అతుకు తెలియదు. కోటు దులిపే చెయ్యి కాలరు పట్టుకున్న చెయ్యి అయింది. వంతెన మోసే అరచేతులు వంతెనను గుద్దే పిడికిళ్లు అయ్యాయి. రైలు ఏమైందన్నది పాఠకుల ఊహకు వదిలారు. అట్ట మీద బొమ్మలక్క పేరు, మాటలన్న పేరు యథాతథంగా ఉంచారు. మూలకర్తలకు ఇవ్వవలసిన గౌరవం ఇచ్చి తీరాలి కదా.

ఆ కొత్త పుస్తకం మీద ఆవిడ సంతకాలు చేసే సభ ఒక పెద్ద పుస్తకాల దుకాణంలో ఏర్పాటైంది. వెళ్లకూడదని వదిన గట్టిగా చెప్పింది. పిల్లలు వస్తారుగా అంది బొమ్మలక్క. వదినను వెంటబెట్టుకుని వెళ్లి, అట్టముక్కతో చేసిన నిలువెత్తు కథానాయకుడి పక్కన, బల్ల దగ్గర కూచుంది. సంతకం చేసిన ప్రతి పుస్తకంలోనూ తన పేరు కింద ఒక చిన్న చెయ్యి గీసింది. విప్పిన చెయ్యి. కొందరు తల్లిదండ్రులు వేళ్లు ముడిచి గియ్యమని అడిగారు. విప్పిన చెయ్యి చూస్తే అడుక్కుంటున్నట్టు ఉందని ఒకాయన నొచ్చుకున్నాడు. ఆవిడ అందరికీ అదే గీసిచ్చింది. వరస దుకాణం దాటి, వరండా దాటి, వీధిలోకి సాగింది. ఈ కథ చెబుతున్న మనమూ అందులో ఉన్నాం. ముందువైపే ఉన్నాం. పొద్దున్నే వచ్చాం.

మనకు ముందు ఒక తండ్రి, అతని కూతురు. పిల్లకు ఏడెనిమిదేళ్లుంటాయి. వాళ్ల వంతు రాగానే ఆ పిల్ల పుస్తకం బల్ల మీద పెట్టకుండా గుండెకు పట్టుకుని అడిగింది, అమ్మ దగ్గరున్న పాత పుస్తకంలో మోపరి కొట్టడు, ఇందులో కొడతాడు, ఏది నిజం అని. వెనక ఇంతమంది ఉన్నారు కదా, కానిమ్మని తండ్రి గడియారం చూసుకోవడానికి చెయ్యి పైకెత్తాడు.

గడియారం కోసమే ఎత్తాడు. మనం చూశాం. కానీ ఆ పిల్ల మోచెయ్యి అప్పటికే చెవి మీదికి వచ్చేసింది. తల భుజాల్లోకి దిగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుంది. చాలా ఒడుపుగా, అలవాటైన పని చేసినట్టు చేసింది. తండ్రి మన వైపు తిరిగి నవ్వాడు. మనమూ నవ్వాం. పిల్లలన్నాక అంతే.

బొమ్మలక్క కలం మూత పెట్టింది. బెంచీ మీద పక్కకు జరిగి, ఆ పిల్లకు చోటిచ్చింది.

"ఇలా వచ్చి కూచో తల్లీ. పాత పుస్తకమే నిజం."

పిల్ల వెళ్లి కూచుంది. సంతకం చేసి పంపమని తండ్రి మర్యాదగానే అన్నాడు. బొమ్మలక్క అతని వైపు తలెత్తి చూసి, మామూలు గొంతుతోనే, అందరికీ వినబడేలా అడిగింది.

"ఈ పిల్లని ఇంట్లో ఎవరు కొడుతున్నారు?"

నా పిల్ల సంగతి మీకెందుకు, మీ పని సంతకం చెయ్యడం అని తండ్రి అన్నాడు. వాళ్లమ్మను పిలిపించమని, ఆవిడ వచ్చేదాకా పిల్ల తన పక్కనే కూచుంటుందని, అందాకా సంతకాలు లేవని బొమ్మలక్క చెప్పింది. పళ్ల డాక్టరు పరుగున వచ్చి, కుటుంబ వ్యవహారాలు అభిమాన సంఘం పరిధిలోకి రావని ఆవిడ చెవిలో గుర్తుచేశాడు. దుకాణంవారు సినిమాలోని తండ్రి పాట పెద్దగా పెట్టారు. ఆవిడ కదల్లేదు. పిల్ల ఆవిడ చెవిలో ఏదో చెప్తూ ఉంది, ఆవిడ తల ఊపుతూ వింటూ ఉంది. తండ్రి ఒకటి రెండుసార్లు బల్ల దాకా వెళ్లి, ఇంతమంది చూస్తున్నారని వెనక్కి తగ్గాడు. పోలీసులను పిలవాలని వరసలో ఎవరో అన్నారు. ఎవరి కోసమో చెప్పలేదు.

నిర్వాహకులు సమర్థులు. ఆవల గోడ దగ్గర ఇంకో బల్ల వేయించి, బొమ్మలక్క సంతకం రబ్బరు ముద్ర ఇచ్చి ఒక ఉద్యోగిని కూచోబెట్టారు. వరస అటు మళ్లింది. ముందున్న ఇద్దరూ తగ్గారు కనుక మనకు రెండడుగులు కలిసొచ్చాయి.

వాళ్లమ్మ వచ్చిందని, దుకాణం గుమ్మంలోనే నిలబడి ఏడ్చిందని, వదిన ఎదురెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుందని, ఆడవాళ్లు ముగ్గురూ పిల్లను తీసుకుని వెనక తలుపు గుండా దర్జీ దుకాణం మేడకు వెళ్లిపోయారని తర్వాత విన్నాం. మనం చూడలేదు. అప్పుడు మన వీపు అటు ఉంది, మన వంతు వచ్చింది. ముద్ర చాలా బాగా పడింది. అచ్చం ఆవిడ చేత్తో పెట్టినట్టే ఉంది.